కారణం గడి

మార్చి 24, సోమవారం

పొద్దున ఐదింటికి మా పాప షుగర్ 186. ఫరవాలేదు. ఇడ్లీ తినిపించి బయల్దేరదీశాను. జగ్గయ్యపేట బస్టాండులో బస్సెక్కుతుంటే సీటు కమ్మీకి ఇన్సులిన్ పంపు ట్యూబు తగులుకుని, జెరూషా పొట్ట మీద అంటించిన సూది సెట్ ఊడొచ్చింది. నందిగామలో దిగేదాకా ఇద్దరం చూసుకోలేదు. స్టాఫ్‌రూమ్‌లో కొత్తది పెట్టేసరికి ఫస్ట్ పీరియడ్ అయిపోయింది.  హెచ్చెమ్ గారు గోడ గడియారం వైపు చూశారు.

పంపు పెట్టి పది నెలలైంది. రోజుకి నాలుగు ఇంజెక్షన్ల బాధ తప్పుతుందన్నారు. తప్పింది. దాని బదులు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మెషిన్ ఒకటి పదేళ్ల పిల్ల నడుముకి ఇరవై నాలుగు గంటలూ వేలాడుతోంది. అత్తయ్య తన పాత చీర చింపి దానికి చిన్న సంచి కుట్టింది. ట్యూబు మడత పడితే అరుస్తుంది, బ్యాటరీ అయిపోతే అరుస్తుంది. ఒంట్లో షుగర్ ఎంతుందో మాత్రం దానికి తెలీదు. మనమే వేలు గుచ్చి చూసి, తిన్నది ఎన్ని గ్రాములో లెక్కేసి నొక్కాలి. మనం ఏం చెబితే అది నమ్మి అంత ఇన్సులిన్ ఇచ్చేస్తుంది.

ఈ మెషిన్ కోసమే దాన్ని ఇక్కడి స్కూల్లో మాన్పించి నా స్కూల్లో ఐదో తరగతిలో వేశాను. ఇక్కడివాళ్లు, పిల్లకి ఏమైనా అయితే మాది పూచీ కాదండి అన్నారు.

విజయవాడ డాక్టర్ గారిచ్చిన లాగ్ బుక్‌లో నాలుగు గడులు. టైము, షుగర్, తిన్నది, కారణం. షుగర్ ఎక్కువైనా తక్కువైనా ఎందుకైందో ఆ నాలుగో గడిలో రాయాలి. నేను సైన్స్ టీచర్ని. ఖాళీగా వదిలిన గడి చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. పిల్లల పరీక్ష పేపర్లలో కూడా అంతే.

ఈ నోట్‌బుక్ వేరు. ఇది ఎవరికీ చూపించేది కాదు.

మార్చి 26, బుధవారం

312. కారణం: ట్యూబులో గాలి బుడగ.

మార్చి 29, శనివారం

ఒంటిపూట బడి అయ్యి ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. లైన్ల మరమ్మతట. పొద్దున తొమ్మిదికి పోయింది, ఐదు దాకా రాదట. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. మూడు సీసాల ఇన్సులిన్, మూడు వారాల మందు. బయట నలభై రెండు డిగ్రీలు. 

అత్తయ్య తడిగుడ్డ చుట్టి మంచినీళ్ల కుండ పక్కన ఇసుకలో పెడదాం, చల్లగా ఉంటాయి సూసనూ అంది. నవ్వొచ్చింది. ఇది పెరుగు కాదు అత్తయ్యా అన్నాను.

వీధిలో ఐస్‌బండి అతని దగ్గర రెండు కవర్ల ఐస్ కొన్నాను. దాని మీద నాలుగు గుప్పెళ్లు కల్లుప్పు చల్లాను. ఐస్‌లో ఉప్పు కలిపితే సున్నా కన్నా కిందికి దిగుతుంది. పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేనే. హాట్‌ప్యాక్‌లో ఐస్, ఐస్ మధ్యలో సీసాలు, పైన మళ్లీ ఐస్. మూత బిగించి తువ్వాలు చుట్టాను. కరెంటు వచ్చాక తీస్తే సీసాల మీద తెల్లగా మంచు పట్టి ఉంది. వేళ్లు అంటుకుపోయాయి. అలాగే ఫ్రిజ్‌లో పెట్టేశాను.

ఆయన ముక్త్యాల సిమెంట్ ఫ్యాక్టరీ నుంచి డ్యూటీ దిగి వచ్చాక చెబితే, టీచరమ్మవనిపించావ్ అన్నారు. కాపాడుకున్నాను. చాలా రోజుల తర్వాత నా మీద నాకు ఇష్టం కలిగింది.

మార్చి 31, సోమవారం

పండగ సెలవు. నిన్న ఫ్రిజ్‌లోని మూడింట్లో మొదటి సీసా తెరిచి మందు నింపాను. పొద్దున 344. సెట్ మార్చాను. మధ్యాహ్నం 361.

కారణం గడి ఖాళీ.

ఏప్రిల్ 2, బుధవారం

388. సెట్ మార్చాను, ట్యూబు మార్చాను, పొట్ట కుడివైపు నుంచి ఎడమవైపుకి మార్చాను. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఇన్సులిన్ పాడై ఉండొచ్చేమో, వేరే సీసా వాడి చూడండి అన్నారు. ఫ్రిజ్‌లోంచి రెండోది తీసి నింపాను. సాయంత్రం 352. మళ్లీ ఫోన్ చేసి, ఎండలు మొదలైనప్పటి నుంచి ఒక్క నిమిషం కూడా చల్లదనం తప్పనివ్వలేదండి అన్నాను. గర్వంగానే అన్నాను.

అలాగైతే పంపు గంటగంటకీ ఇచ్చే మందు రేటు కొంచెం పెంచుదాం అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, పాపగానీ చెప్పకుండా తింటోందా అని అడిగారు. ఈ వయసులో చాలామంది చేస్తారండి, కోప్పడకుండా కనుక్కోండి అన్నారు.

కోప్పడకుండా అన్న మాట ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది. అప్పుడు వినిపించింది మొదటి సగమే.

ఏప్రిల్ 3, గురువారం

స్కూల్లో దాని బ్యాగు వెతికాను. జామెట్రీ బాక్స్ కింద చాక్లెట్ కాగితం దొరికింది. కృష్ణప్రియ బర్త్‌డే మమ్మీ, నాకిస్తే హరిచరణ్‌కి ఇచ్చేశా, కాగితం బాగుందని దాచుకున్నా అంది. హరిచరణ్‌ని పిలిపించాను. వాడు గుర్తులేదు టీచర్ అన్నాడు.

మిగతా పిల్లలంతా చూస్తుండగానే అడిగాను. పక్కకి తీసుకెళ్లి అడిగి ఉండాల్సింది.

షుగర్ పడిపోతే తినడానికని దాని బ్యాగు ముందు జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ పొడి ప్యాకెట్, నాలుగు పిప్పరమెంట్లు ఉంటాయి. అవి కూడా తీసేశాను. నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. బీరువాలో పెట్టాను.

సాయంత్రం 394. నేను తిన్లేదు మమ్మీ, నిజంగా తిన్లేదు అంది. అయితే ఈ నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు అన్నాను.  నా దగ్గర జవాబు ఉంది, చాక్లెట్ కాగితం.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఒప్పుకుంది.

ఈస్టర్ ముందు శ్రమదినాలు కదా. ఈ నలభై రోజులూ మా ఇంట్లో తెల్లారకముందే ప్రార్థన. అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రార్థనకి ముందు చాప మీద కూర్చుని ఒక్కొక్కరం ఒక తప్పు ఒప్పుకోవాలి. మిగతావాళ్లు క్షమించాం అనాలి. అన్నాక ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. అత్తయ్య ఎప్పుడూ ఎవరినో మనసులో తిట్టుకున్నానంటుంది. ఆయన ఫ్యాక్టరీలో ఎవరితోనో గట్టిగా మాట్లాడానంటారు. నేను ఓపిక లేదంటాను.

ఈరోజు జెరూషా వంతు వచ్చింది. చాప అంచు పీకుతూ, లేవగానే వంటింట్లోకెళ్లి పంచదార తిన్నా అంది. అత్తయ్య, ఆయన, నేను క్షమించాం అన్నాం. వెంటనే నేను ఎన్ని చెంచాలు, ఎన్ని గ్రాములు అని అడిగాను. అత్తయ్య నావైపు చూసింది. క్షమించాక ఎత్తకూడదని నాకూ తెలుసు. కానీ పంపులో నొక్కాలి కదా. ఆరు చెంచాలు, ముప్పై గ్రాములు అంది. నొక్కాను.

పొద్దుటి 367 పక్కన కారణం గడిలో రాశాను: పంచదార. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. పిల్ల దొంగతనంగా తింటోందని తెలిసి సంతోషించిన తల్లిని నేనే అయ్యుంటాను. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఐదు రోజుల తర్వాత.

ఏప్రిల్ 7, సోమవారం

రోజూ ఒప్పుకుంటోంది. శనివారం ఎనిమిది చెంచాలు. పంచదార డబ్బా బీరువాలో పెట్టాను. ఆదివారం బెల్లం ముక్క. ఈరోజు మళ్లీ బెల్లం, పెద్ద ముక్క, యాభై గ్రాములంది. 381కి అది సరిపోయింది. వంటింటికి తాళం వేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. పసిదానికి వంటింటికి తాళమేంటే, నేను బతికుండగా జరగదు అంది.

డాక్టర్ గారు రేటు ఇంకాస్త పెంచారు. పిల్ల చిక్కిపోయింది. నీళ్లు సీసాలకి సీసాలు తాగుతోంది. క్లాసులో మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్తోందని వాళ్ల టీచర్ చెప్పింది. షుగర్ మరీ ఎక్కువైతే రంగు మారే యూరిన్ స్ట్రిప్ కూడా కొంచెం మారింది.

ఆయన, జెరూషా అబద్ధాలాడే పిల్ల కాదు సూసన్, ఒకసారి మెషిన్ కంపెనీవాళ్లని పిలుద్దాం అన్నారు. పగలంతా ఫ్యాక్టరీలో ఉండేవాళ్లకి ఏం తెలుస్తుందన్నాను. ఆయన చొక్కా మీద సిమెంట్ దులుపుకుంటూ బయటికి వెళ్లిపోయారు. రేపటి ఒప్పుకోలుకి నాకిది ఉంది.

ఏప్రిల్ 8, మంగళవారం

376. బెల్లం. నలభై ఐదు గ్రాములు.

ఏప్రిల్ 9, బుధవారం

రేటు పెంచాక మందు తొందరగా అయిపోతోంది. మూడో సీసా కూడా అడుగంటింది. నందిగామ బస్టాండు దగ్గర మెడికల్ షాపులో కొత్త సీసా కొన్నాను. ఇంటికి రాగానే పంపులో నింపాను. పడుకోబోయే ముందు 204!

రెండొందల దగ్గరికి రావడం పది రోజుల్లో ఇదే మొదటిసారి. ఈ పూట ఏమీ ముట్టుకోలేదన్నమాట. ఒప్పుకోలు పని చేసింది. కాస్త కఠినంగా ఉన్నా దారిలో పెట్టాను.

ఏప్రిల్ 10, గురువారం, మధ్యాహ్నం 3

నందిగామ, ఆసుపత్రి. పిల్ల నిద్రపోతోంది. మామూలు నిద్రే. నర్సు రెండుసార్లు చూసి చెప్పింది.  మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను.

పొద్దున 122. ఎంత అందమైన నంబరు. ప్రార్థనకి కూర్చున్నాం. అత్తయ్య చెప్పింది, ఆయన చెప్పారు, నేను చెప్పాను. జెరూషా వంతు. ఈరోజు ఏమీ ఉండదనుకున్నాను. అది మళ్లీ చాప అంచు పీకింది. ముగ్గురం దానివైపే చూస్తున్నాం. పటికబెల్లం తిన్నా అంది. ఇప్పుడే, లేవగానే. ఎన్ని గ్రాములు అన్నాను. ముప్పై.

122 కదా, ఇంకా ఎక్కలేదు, ఇప్పుడు ఎక్కుతుంది అనుకున్నాను. ముప్పై నొక్కాను. ఇడ్లీలకి ఇంకో నలభై నొక్కాను. ఇంత చెప్పినా మారవా అని నాలుగు అంటించాను కూడా. ఇడ్లీ ఒకటి తిని రెండోది సగంలో వదిలేసింది. బస్సుకి టైమైపోతోందని లాక్కొచ్చాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మాట్లాడలేదు. అలిగిందనుకున్నాను. కాసేపటికి మమ్మీ చేతులు వణుకుతున్నాయి అంది. మరి అంత పటికబెల్లం తింటే వణకవా అన్నాను. ఈ మాట నేనే అన్నాను. చిల్లకల్లు టోల్‌ప్లాజా దగ్గర లారీల వెనక బస్సు ఆగింది. దాని తల నా భుజం మీద వాలింది. నిద్రేమో అనుకుని సర్దబోతే జుట్టంతా చెమట. జెరూషా అంటే కళ్లు తెరిచింది గానీ నన్ను చూడలేదు. వేలు గుచ్చాను. 38.

బ్యాగు ముందు జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ. నేనే ఖాళీ చేశాను. గ్లూకోజ్ మా ఇంట్లో బీరువాలో ఉంది, తాళంచెవి నా మెడలో ఉంది.

అరిచాను. ఏమని అరిచానో తెలీదు. వెనక సీట్లోంచి జ్ఞానయ్య గారట, కీసరలో ఎవరింటికో వెళ్తున్న పెద్దాయన, లేచొచ్చి పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. కండక్టరమ్మ కిటికీలోంచి మొత్తం బయటికి వంగి కూల్‌డ్రింకుల అబ్బాయిని కేకేసింది. మామిడి రసం సీసా. ఒక్కసారిగా పోయకమ్మా పొరబోతుంది, వేలితో బుగ్గ లోపల రాయి అన్నారు పెద్దాయన. రాశాను. మళ్లీ రాశాను. పంపు ఇంకా దాని నడుముకే ఉంది, నేను చెప్పిన డెబ్బై గ్రాముల్ని నమ్ముకుని. నడుముకి అదేంటమ్మా అని కండక్టరమ్మ అడిగితే తట్టింది. సంచిలోంచి లాగి పీకేశాను.

పెదాలు కదిలాయి. మింగింది. ఇంకో గుక్క. ఇంకో గుక్క. 51 అయ్యేసరికి అంబారుపేట దాటాం. బస్సుని డ్రైవర్ గారు సరాసరి ఆసుపత్రి గేటు దగ్గర ఆపారు. మధ్యలో దిగాల్సినవాళ్లు ఒక్కరూ ఆపమనలేదు.

అదే రోజు, సాయంత్రం 6

ఆయన వచ్చారు. డ్యూటీ బట్టల్లోనే. పిల్ల పాదాలు పట్టుకుని మంచం చివర కూర్చున్నారు.

విజయవాడ డాక్టర్ గారితో ఫోన్‌లో మాట్లాడాను. నిన్న మార్చింది కొత్త సీసానా అని అడిగారు. అవునన్నాను. పాత మూడు సీసాలు ఎక్కడెక్కడ పెట్టారో మొదటి నుంచి చెప్పండమ్మా అన్నారు. కరెంటు పోయిన రోజు సంగతి చెప్పాను. ఉప్పు వేసిన ఐస్ అనేసరికి, సీసాల మీద మంచు పట్టిందా అని అడ్డొచ్చారు. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుందమ్మా, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది గానీ బలం ఉండదు, ఎండ కంటే ఐసే ప్రమాదం అన్నారు. తడిగుడ్డ చుట్టి కుండ దగ్గర పెట్టుకున్నా సరిపోయేదట.

అంటే బలం లేని మందుకి రేటు పెంచుకుంటూ పోయాం. నిన్న బలమున్న మందు ఆ రేటుకే పడింది. దాని మీద నా డెబ్బై గ్రాములు.

ఈ నోట్‌బుక్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. వెనక్కి తిప్పి మార్చి 29 చదివాను. నా చేతిరాతే. కాపాడుకున్నాను అని రాసి ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

డిశ్చార్జ్. ఆటోలో ఇంటికొచ్చాం.

ఏప్రిల్ 12, శనివారం

ఈరోజు అడిగాను. కోప్పడకుండా.

పంచదార తిన్లేదు. బెల్లం తిన్లేదు. ఒక్కరోజు కూడా ఏమీ తిన్లేదు. పటికబెల్లం మనింట్లో ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు మమ్మీ అంది. మరి ఎందుకు చెప్పావే అన్నాను.

తిన్లేదంటే నువ్వు కోప్పడతావ్, తిన్నానంటే కోప్పడవు, దగ్గరికి తీసుకుంటావ్ అంది. ఇంత మామూలుగా చెప్పింది, ఎక్కం అప్పజెప్పినట్టు.

గ్రాములెలా చెప్పావంటే, నువ్వు లెక్కేసేటప్పుడు రోజూ చూస్తాగా అంది. పొద్దున వేలు గుచ్చి చూసే మీటర్‌లో నంబరు చూసి, దానికి సరిపోయేట్టు చెప్పేదట. 367కి ముప్పై. 381కి యాభై. తక్కువ చెబితే ఇంకా ఏమైనా తిన్నావా అని అడుగుతానట. గురువారం 122 వచ్చేసరికి ఏం చెప్పాలో తెలియలేదట. అందరూ నావైపే చూస్తున్నారు కదా, అందుకే చిన్నదే చెప్పా మమ్మీ అంది.

చిన్నదే చెప్పిందట.

నేను ఏడ్చాను. అది నా వీపు నిమిరింది. ఆ నిమిరే చెయ్యి పదేళ్ల పిల్లది కాదు. ముసలిదాన్ని చేసేశాను.

ఏప్రిల్ 14, సోమవారం

బీరువాలోంచి గ్లూకోజ్ తీసి దాని బ్యాగులో పెట్టాను. రెండు ప్యాకెట్లు. పిప్పరమెంట్లు కూడా రెట్టింపు. అత్తయ్య పంపు సంచికి ఇంకో చిన్న జేబు కుట్టింది, అందులో కూడా రెండు. అన్నీ సర్దాక, అవి నాకు కనబడకుండా పెట్టుకోనా మమ్మీ అని అడిగింది. కనబడేటట్టే పెట్టుకో, తినాలనిపిస్తే తిను అన్నాను. అది నమ్మలేదు. నమ్మడానికి ఎన్నాళ్లు పడుతుందో డాక్టర్ గారు కూడా చెప్పలేరు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఆరాధనకి వెళ్లేముందు ఇంట్లో ప్రార్థన. జెరూషాని ఇంక ఒప్పుకోమని అడగొద్దని అత్తయ్యకి ముందే చెప్పాను. పిల్లల్ని కూర్చోబెట్టడమే నా తప్పేమోనే అంది. ఆవిడ ఒప్పుకోలు అదే అయింది.

నా వంతు వచ్చాక ఈ నోట్‌బుక్ తీశాను. ఎవరికీ చూపించేది కాదని రాసుకున్న పుస్తకం. మార్చి 29 చదివాను. ఇది పెరుగు కాదు అత్తయ్యా అన్నదగ్గర అత్తయ్య వైపు చూసి చదివాను. ఏప్రిల్ 3, ఏప్రిల్ 9 చదివాను. దారిలో పెట్టాను అన్నది కూడా వదల్లేదు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు.

అత్తయ్య క్షమించాం అంది. ఆయన క్షమించాం అన్నారు. జెరూషా అనలేదు. నావైపు చాలాసేపు చూసి, ఎన్ని గ్రాములు మమ్మీ అని అడిగింది.

నవ్వుతూ అడగలేదు. కోపంగా కూడా అడగలేదు. ఒప్పుకున్నాక అడగాల్సింది అదేననుకుంటోంది. నేనే నేర్పాను.

లెక్కకి అందదమ్మా అన్నాను. వేళ్లు మడిచి ఏదో లెక్కేసుకుంది. సరేలే, క్షమించాం అంది.

ఏప్రిల్ 21, సోమవారం

పొద్దున 267. సెట్ బాగానే ఉంది, మందు కొత్తదే, జ్వరం లేదు. లాగ్ బుక్ జెరూషాకే ఇచ్చాను. టైము రాసింది, 267 రాసింది, నాలుగో గడి దగ్గర పెన్ను ఆపి నావైపు చూసింది.

నేను ఏమీ అడగలేదు. ఖాళీగా వదిలేసి పుస్తకం మూసింది.